చెంబుడు నీళ్లు ముందు పోయాలి

"ఎలా ఉన్నారండీ?" అని ఎవరైనా అడిగితే ఈ మధ్య మీ నోటి నుంచి ఏం వస్తోంది? "ఏదో, అలా నడుస్తోంది" అనేనా?

పెద్ద కష్టమేమీ లేదు. ఇంట్లో గొడవల్లేవు. జీతం పడుతోంది, పిల్లలు చదువుకుంటున్నారు, ఇంటి అప్పు వాయిదాలు కట్టేస్తున్నారు. కానీ పొద్దున్నే లేవాలంటే ఎందుకు లేవాలో తోచదు. ఒకప్పుడు నచ్చిన పాట వస్తే గిన్నె తోమే చెయ్యి ఆగిపోయేది. ఇప్పుడు అదే పాట మొదలై, అయిపోయి, ఆ తర్వాత ప్రకటన వచ్చేదాకా మీ చెవికెక్కదు. అమ్మాయికి మంచి మార్కులొచ్చాయంటే "ఓహో, బాగుంది" అన్నారు. మాట సరిగ్గానే వచ్చింది, లోపల మాత్రం ఏదీ కదల్లేదు. దగ్గరి బంధువు పోయారని తెలిసినా కళ్లు తడవలేదు. 'నేనెప్పుడు ఇలా రాయిలా అయిపోయాను?' అని ఆ రాత్రి కాసేపు భయం వేసింది. తెల్లారేసరికి ఆ భయం కూడా లేదు.

ఇందులో సగమైనా మీ సంగతిలా ఉందా? అయితే ఈ అధ్యాయం మీకోసమే.

ఇది మీ ఒక్కరికే వచ్చింది కాదు. జబ్బు లేనంత మాత్రాన మనిషి మనసు బాగున్నట్టు కాదని, ఆ రెంటి మధ్యా ఇలా వెలవెలబోయే స్థితి ఒకటుందని కోరీ కీస్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 2002లోనే రాశాడు. కోవిడ్ రోజుల్లో, 2021లో, ఈ మాట పత్రికల ద్వారా ప్రపంచమంతా తిరిగింది. మన ఇళ్లలో మాత్రం దీనికి ఎప్పటి నుంచో మాటలున్నాయి. "మనసు మొద్దుబారిపోయింది", "దేని మీదికీ ప్రాణం పోవట్లేదు" అని మన పెద్దవాళ్లు అన్నది దీని గురించే.

మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో చేతిపంపు ఒకటి ఉండేది. బోరింగు అనేవాళ్లం. నాలుగు రోజులు ఎవరూ వాడకపోతే దాన్ని ఎంత కొట్టినా చుక్క రాలేది కాదు. పిల్లలం హ్యాండిల్‌కి వేలాడి మరీ కొట్టేవాళ్లం. అది బరువనేదే లేకుండా పైకీ కిందకీ ఆడేది, గొట్టంలో గాలి గురగురమనేది. అమ్మమ్మ తొట్టిలోంచి చెంబుడు నీళ్లు ముంచుకొచ్చి పంపు నెత్తిన పోసి "ఇప్పుడు కొట్టండర్రా" అనేది. లోపల తోలు వాషరు ఒకటి ఉంటుంది. వాడకపోతే అది ఎండి ముడుచుకుపోతుంది, సందులోంచి గాలి జారిపోతుంది. నీళ్లు తగిలితే ఉబ్బి గొట్టాన్ని పట్టుకుంటుంది. పది సార్లు కొట్టేసరికి హ్యాండిల్ బరువెక్కేది. చేతికి ఆ బరువు తెలిసిందంటే నీళ్లు ఎక్కుతున్నట్టే. ముందు ఎర్రటి తుప్పు నీళ్లు, ఆ తర్వాత చల్లటి నీళ్లు.

మీ లోపలి నీళ్లు ఇంకిపోలేదు. ఆ మాట నేను ఓదార్పుకి అనడం లేదు. ఎండిపోయింది వాషరు. మనలో చాలామంది ఏం చేస్తామంటే, ముందు ఉత్సాహం రానీ, అప్పుడు మొదలుపెడదాం అని కూర్చుంటాం. నీళ్లొచ్చాక చెంబు నింపి పంపులో పోద్దామనుకోవడం లాంటిదే ఇది. కింద నేను చెప్పే పనులన్నీ చెంబుడు నీళ్లలాంటివి. మనసు లేకపోయినా, మనసు రాకముందే చేయాల్సినవి.

మొదలుపెట్టే ముందు ఇది తేల్చుకోండి

రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులుగానో, దేని మీదా ఆసక్తి లేకుండానో ఉంటున్నారా? దానికి తోడు నిద్ర పట్టకపోవడం లేదా లేవలేకపోవడం, తిండి సయించకపోవడం, 'నేను దేనికీ పనికిరాను' అన్న ఆలోచన తిరుగుతున్నాయా? అయితే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, పుస్తకం తర్వాత చదవచ్చు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకో సంగతి. థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువున్నా, బి12 తగ్గినా మనిషి అచ్చం ఇలాగే నీరసించి, మందకొడిగా అయిపోతాడు. మనసుదే తప్పనుకుని నెలల తరబడి తనను తాను తిట్టుకున్న వాళ్లని చూశాను. తీరా చూస్తే రక్తపరీక్షలో తేలింది. డాక్టరుని అడిగి ఈ మూడు పరీక్షలూ చేయించుకోండి. ఇప్పటికే వేరే మందులు వాడుతుంటే ఆ సంగతీ ఆయనతో చెప్పండి.

1. వారం రోజులు కనిపెట్టి చూడండి

"నాకు దేనికీ ఏమీ అనిపించడం లేదు" అంటారు. నిజంగా దేనికీనా? రోజంతా ఒకేలా ఉందా? రాసి చూస్తే గానీ తెలియదు.

పాల లెక్క రాసుకునేంత చిన్న పుస్తకం చాలు. మూడు సంగతులే రాయండి: ఎప్పుడు, ఏం చేస్తున్నాను, లోపల ఎంత కదిలింది. చివరిదానికి సున్నా నుంచి పది దాకా ఒక మార్కు. రోజుకి నాలుగైదు సార్లు రాస్తే చాలు.

రాజమండ్రిలో బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఇలా రాసిన పుస్తకం నాకు చూపించింది. నలభై దాటిన మనిషి, ఇంట్లో ఇంటర్ చదివే కూతురు. మొదటి వారం ఇలా ఉంది.

సోమవారం, పొద్దున 7:10. టిఫిన్ చేస్తున్నాను. 2.
సోమవారం, రాత్రి 10 నుంచి 11:40. ఫోన్‌లో రీల్స్. 1.
మంగళవారం, సాయంత్రం 6:30. మేడ మీద బట్టలు తీస్తుంటే పక్కింటి పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. నిలబడి చూశాను. 5.
గురువారం, మధ్యాహ్నం. పెన్షన్ కోసం వచ్చిన పెద్దాయనకి ఫారం నింపి పెట్టాను. వెళ్తూ చెయ్యి పట్టుకున్నారు. 6.
శనివారం, షాపింగ్ మాల్, 3 గంటలు. 2.

ఆవిడ ఆశ్చర్యపోయింది. వారమంతా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన శనివారానికి రెండు. అసలు లెక్కలోకే రాదనుకున్న ఫారానికి ఆరు. అప్పటిదాకా "నాకు ఏదీ అంటడం లేదు" అని గట్టిగా నమ్మిన మనిషి, ఆ ఐదు, ఆ ఆరు దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చుంది.

ఇక్కడ జరిగే పొరపాటొకటి చెప్తాను. గుడికి వెళ్లొచ్చాం కాబట్టి ఎనిమిది వేయాలి, పిల్లలతో గడిపాం కాబట్టి తొమ్మిది వేయాలి అనుకుంటారు. వేయాల్సిన మార్కు వేయకండి, ఉన్న మార్కు వేయండి. పిల్లాడి పుట్టినరోజుకి మూడే వచ్చిందా? మూడే రాయండి. ఆ పుస్తకం మీరు తప్ప ఎవరూ చూడరు. ఎందుకిలా అని కారణాలు వెతకడం కూడా ఈ వారం వద్దు.

2. చెంబు చిన్నదిగా ఉండాలి

వారం తర్వాత పుస్తకంలో నాలుగు దాటిన చోట్లు వెతకండి. వాటిలో ఒకటి ఎంచుకుని రోజూ పది నిమిషాలు దానికివ్వండి. టైము ముందే అనుకోండి, చోటు అనుకోండి, కావాల్సిన వస్తువులు రాత్రే తీసి పెట్టుకోండి. ఆ టైముకి మనసు బాగుందా లేదా అని మాత్రం అడగకండి. టైమైంది కాబట్టి చేయాలి, అంతే.

ఇది నా సొంత ఊహ కాదు. డిప్రెషన్‌కి చేసే చికిత్సల్లో దీన్ని ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. మన దేశంలోనే, గోవాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన వాళ్లలో బాగా తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిని తీసుకున్నారు. అందులో కొందరికి మామూలు వైద్యంతో పాటు, డాక్టర్లు కాని స్థానిక సలహాదారుల చేత ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. ఆ మాటల్లో ముఖ్యమైన భాగం ఇదే: ఆపేసిన పనుల్లోంచి చిన్నవి ఏరి, రోజువారీ బతుకులోకి మళ్లీ తెచ్చుకోవడం. అలా చేసినవాళ్లు మిగతావాళ్ల కంటే బాగా కోలుకున్నారు. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. అంత తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకే అది పనికొచ్చినప్పుడు మీకెందుకు పనికిరాదు?

అయితే చాలామంది ఇక్కడే పెద్ద బిందె ఎత్తబోతారు. ఉదయం నాలుగున్నరకి లేవాలి, జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టేయాలి, వీణ కొనేయాలి. పైగా ఆ సంగతి వాట్సాప్ గ్రూపులో అందరికీ చెప్పేయాలి. పదిరోజుల్లో ఆ వీణ మీద దుమ్ము చేరుతుంది, దాన్ని చూసినప్పుడల్లా 'నా వల్ల ఏదీ కాదు' అన్న మాట మరికాస్త గట్టిపడుతుంది. ఏదీ చేయకుండా ఉండటం కంటే ఇదే ఎక్కువ నష్టమని నా అభిప్రాయం.

వరంగల్‌లో ఒక లెక్కల సార్ రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకి చెప్పిన మనిషి. రిటైరయ్యాక పెద్ద లెక్కల పుస్తకం రాద్దామని కొత్త టేబులు చేయించుకున్నారు, దిస్తా కాగితాలు తెచ్చుకున్నారు. ఎనిమిది నెలలు ఒక్క పేజీ కూడా కదల్లేదు. టేబులు ఉన్న గదిలోకి వెళ్లడమే మానేశారు. చివరికి పుస్తకం మాట పక్కన పెట్టి, అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్క గోడకి చిన్న పలక తగిలించి, రోజూ సాయంత్రం దాని మీద ఒకే ఒక లెక్క రాయడం మొదలుపెట్టారు. మూడు రోజులు ఎవరూ చూడలేదు. నాలుగో రోజు వాచ్‌మన్ కొడుకు బడి సంచీతోనే నిలబడి దాన్ని చేశాడు. ఒకరోజు సార్‌కి ఒంట్లో బాగోక కిందకి దిగలేదు. ఎనిమిది గంటలకి తలుపు చప్పుడైంది. "సార్, ఇయ్యాల లెక్క రాయలే?" అని వాడు. సార్ పడక మీంచి లేచి చెప్పులేసుకున్నారు.

మీ చెంబు ఆ పలకంత ఉంటే చాలు. ఇంకా చిన్నదైనా సరే. పది నిమిషాలు కూడా బరువనిపిస్తే మూడు నిమిషాలు చేయండి. రెండు వారాలు మార్కు ఎంత తక్కువ వచ్చినా ఆపకండి. పంపుని మొదటి పది దెబ్బలూ ఉత్తినే కొట్టినట్టే ఉంటుంది మరి.

3. చేతులకి పని పెట్టండి

మనలో చాలామంది పని ఇప్పుడు తెర మీదే. ఎంత చేసినా పూర్తయినట్టు కనిపించదు. రేపు మళ్లీ అవే మెయిళ్లు, అవే ఫైళ్లు. కాబట్టి వారంలో రెండు మూడు సార్లయినా మొదలూ చివరా కంటికి కనిపించే పని చేతులతో చేయండి. పూలు మాల కట్టడం, సైకిలు గొలుసుకి నూనె వేయడం, చిక్కుడు పాదుకి పందిరి వేయడం, ఏదైనా సరే.

ఏదీ తోచకపోతే దేవుడి దగ్గరి ఇత్తడి కుందులు తీయండి. నానబెట్టిన చింతపండు పిప్పి వేళ్ల మధ్య పెట్టుకుని రుద్దండి. ముందు నల్లటి రసం కారుతుంది. బొటనవేలు తిరిగిన చోట మాత్రం పసుపు పచ్చని గీత ఒకటి బయటపడుతుంది. ఆ గీత పక్కన ఇంకో గీత. అంచు కింద, ఒత్తి నిలిచే గుంటలో, కాడ మీది గీతల్లో నలుపు పట్టుకుని వదలదు. కొబ్బరిపీచు ముక్క పెట్టి తిప్పాల్సిందే. కడిగి పొడిగుడ్డతో తుడిచాక కుంది మీద వంటింటి కిటికీ వంకరగా కనిపిస్తుంది. ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ ఇరవై నిమిషాల్లో మీరు ఎన్నిసార్లు ఫోన్ వైపు చూశారు?

4. లోపల ఉన్నదానికి సరైన పేరు పెట్టండి

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మెట్టు ఇది. తొందరగా దాటేయకండి.

"ఏమైంది?" అంటే మనం ఈ రోజుల్లో మూడే మాటలు చెప్తున్నాం. టెన్షన్. బోర్. మూడ్ బాగోలేదు. వేరువేరు బాధలన్నిటినీ ఈ మూడు డబ్బాల్లో కుక్కేస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి, చివరికి ఏదీ తెలియకుండా పోతుంది. కానీ మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి.

బెంగ అంటే దూరమైన మనిషి కోసం, ఊరి కోసం పడేది. హాస్టల్లో వేసిన పిల్లలు మొదటి వారం బెంగ పెట్టుకుంటారు. గుబులు రాబోయేదాని గురించి, ఫలితాల ముందు రాత్రి పొట్టలో తిరిగేది. దిగులు మబ్బులా కమ్ముకుని కదలకుండా ఉంటుంది. వెలితి అంటే ఉండాల్సిన చోట ఏదో లేదని తెలియడం. అలక కావాల్సినవాళ్ల మీదే వస్తుంది, వాళ్లొచ్చి బతిమాలతారన్న ఆశ అందులో దాగి ఉంటుంది. అక్కసు, మనకి దక్కనిది పక్కవాళ్లకి దక్కినప్పుడు. ఉక్రోషం అంటే ఏమీ చేయలేని కోపం, కళ్లనీళ్లతో కలిసి వచ్చేది. విసుగు, అదే పని వందోసారి చేస్తున్నప్పుడు.

పేరు దొరికితే దారి కూడా దొరుకుతుంది. బెంగైతే వెళ్లి చూసి రావాలి, కనీసం ఫోనైనా చేయాలి. అలకైతే ఎవరి మీదో వాళ్లకి తెలియజేయాలి. విసుగైతే పని తీరు మార్చుకోవాలి. బెంగకి విసుగు మందు వేస్తే ఎలా తగ్గుతుంది? అమ్మ మీద బెంగ పెట్టుకున్న మనిషి ఉద్యోగం మారితే ఏం లాభం?

మా నాన్నగారు పోయినప్పుడు నేను ఏడవలేదు. పదకొండు రోజులూ వచ్చినవాళ్ల భోజనాలు, పురోహితుడి సామాను, డెత్ సర్టిఫికెట్, బ్యాంకు పనులు అన్నీ నేనే చూసుకున్నాను. "గట్టివాడు" అన్నారు అందరూ. ఆ తర్వాత ఏడు నెలలు ఈ అధ్యాయం మొదట్లో రాసినట్టే ఉన్నాను. అన్నం, ఆఫీసు, నిద్ర. బాధపడుతున్నానని కూడా నాకు తెలియదు, ఎందుకంటే ఏ బాధా అనిపించేది కాదు.

ఒకరోజు వాన పడుతుంటే తలుపు వెనకున్న గొడుగు తీసి తెరిచాను. అది నాన్నగారిది. ఒక పుల్ల విరిగి ఉంది. దానికి ఆయన సన్నటి రాగి తీగ చుట్టారు. చుట్టు పక్కన చుట్టు, ఎక్కడా సందు లేకుండా, ఏడెనిమిది చుట్లు. తీగ చివర వేలికి గుచ్చుకోకుండా లోపలికి మడిచి నొక్కి ఉంది. గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఆ రాత్రి కాగితం తీసుకుని నాకేమవుతోందో రాయబోయాను. దుఃఖం అని రాశాను, సరిపోలేదు. బెంగ అని రాశాను, అదీ కాదు. చాలాసేపటికి ఉక్రోషం అని రాశాను. రాయగానే చెయ్యి వణికింది. పోవడానికి ముందు రెండు రోజులు ఆయనకి ఛాతీలో నొప్పి. మాకు చెప్పకుండా దాచారు. గొడుగు తీగ చివర ఎవరికీ గుచ్చుకోకూడదని మడిచి పెట్టిన మనిషి, తన నొప్పి సంగతీ మాకు గుచ్చుకోకూడదనుకున్నారు. దాని మీద నా కోపం. పోయిన తండ్రి మీద కోపం ఏమిటని దాన్ని లోపలే తొక్కేశాను. దానితో పాటే మిగతావన్నీ అణిగిపోయాయి. కోపాన్ని ఒక్కదాన్నే విడిగా తొక్కిపెట్టడం కుదరదు. ఆ రాత్రి ఏడ్చాను. ఏడు నెలల తర్వాత మొదటిసారి పొద్దున్నే కాఫీ వేడిగా, చేదుగా, కాఫీలా ఉంది.

మీరూ ప్రయత్నించండి. రోజూ పడుకోబోయే ముందు ఒకే ఒక మాట, తెలుగులో, పుస్తకంలో ఆ రోజు పేజీ కింద రాయండి. సరైన మాట దొరికేదాకా రెండు మూడు కొట్టేయండి. మీ జిల్లాలో, మీ ఇంట్లో వాడే మాటైతే మరీ మంచిది. మీ నాయనమ్మ ఏమనేదో గుర్తు తెచ్చుకోండి. ఒక్క జాగ్రత్త: కొన్ని పాత గాయాలు ఒంటరిగా తవ్వేవి కావు. చిన్నప్పుడు జరిగిన హింస లాంటివి గుర్తొచ్చి ఊపిరి ఆడనట్టయితే అక్కడే ఆపి, నిపుణుల దగ్గర కూర్చున్నాకే ముందుకెళ్లండి.

5. పదిమంది కాదు, ఒక్క మనిషి

"నలుగురిలో కలువు, ఫంక్షన్లకి వెళ్లు" అని సలహా ఇస్తారు. మొద్దుబారిన మనసుతో పెళ్లి పందిట్లో కూర్చుంటే ఇంకా ఒంటరిగా ఉంటుంది. ఒక్క మనిషిని ఎంచుకోండి. ఆ మనిషిని "ఎలా ఉన్నావ్" అని అడగకండి. వాళ్లకి బాగా తెలిసిన పని గురించి అడగండి.

డాలస్ దగ్గర ఉండే గుంటూరు అబ్బాయి ఒకడు ప్రతి ఆదివారం అమ్మకి ఫోన్ చేసేవాడు. "తిన్నావా నాన్నా?" "తిన్నానమ్మా." "పిల్లలు?" "బాగున్నారు." నాలుగు నిమిషాల్లో అయిపోయేది, ఫోన్ పెట్టేశాక ఇద్దరికీ వెలితే. ఒకవారం అతను వేరేగా మొదలుపెట్టాడు.

"అమ్మా, ఉలవచారు ఎలా కాస్తావు?"

అటు కాసేపు చప్పుడు లేదు. "నీకెందుకురా అది, అంత సేపు పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు?"

"నేను నిలబడతాలే, చెప్పు."

"రాత్రే నానబెట్టాలి. నీళ్లు ఎక్కువ పొయ్యి, మనక్కావాల్సింది ఆ నీళ్లే. మెత్తగా ఉడికాక వడకట్టి, ఆ కట్టులో చింతపండు పులుసు పోసి సన్న సెగ మీద పెట్టు. తొందరపడి మంట పెంచావంటే అడుగంటుద్ది. ఇదివరకు మీ నాయనమ్మ కట్టెల పొయ్యి మీద రోజంతా ఉంచేది..."

నాయనమ్మ దగ్గర్నుంచి ఆ పొయ్యి దగ్గర పడుకునే పిల్లి దాకా వెళ్లింది మాట. యాభై నిమిషాలు. అతని చారు మొదటిసారి మాడింది. ఆ సంగతి చెప్పడానికి బుధవారమే ఫోన్ చేశాడు.

మీకు అలాంటి మనిషి ఎవరు? వాళ్లకి బాగా తెలిసి, మీరు ఎన్నడూ అడగని సంగతి ఏది?

6. ఒంటి సంగతి, ఫోన్ సంగతి

ఇవి మీకు తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పొద్దున ఎండ ముదరక ముందు ఇరవై నిమిషాలు ఆరుబయట నడవండి. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది. రోజూ ఒకే వేళకి లేవండి, సెలవు రోజైనా సరే. ఫోన్ మానేస్తానని ఒట్లు వద్దు. రాత్రి ఛార్జింగు హాల్లో పెట్టి, అలారానికి చిన్న గడియారం కొనుక్కోండి, చాలు. పుస్తకంలో రాత్రి పదకొండు దగ్గర వేసిన మార్కులు చూశారుగా.

7. "నీకేం తక్కువ?" అన్న మాట ఆపండి

ఇంట్లోవాళ్లు అంటారు. వాళ్లనక ముందే మనమే అనుకుంటాం. ఇల్లుంది, ఉద్యోగముంది, తిండికి లేనివాళ్లు ఎంతమంది లేరు, నాకెందుకీ రోగం అని. ఈ మాట వల్ల ఎవరికైనా ఉత్సాహం రావడం మీరెప్పుడైనా చూశారా? సిగ్గు మాత్రం వస్తుంది. సిగ్గుతో మనిషి ఇంకా ముడుచుకుపోతాడు, ఎవరితోనూ చెప్పుకోడు. ఇల్లూ ఉద్యోగమూ ఉన్నందుకు కృతజ్ఞతగా ఉండొచ్చు, మనసు మొద్దుబారిందని ఒప్పుకోవచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉండటానికి ఏ అడ్డూ లేదు.

ఇది చదువుతున్న మీరు బాగానే ఉండి, మీ ఇంట్లో మరొకరు ఇలా ఉంటే, దయచేసి ఆ మాట అనకండి. "కొంచెం వెల్లుల్లి వలిచి పెడతావా, నేనూ కూర్చుంటా" అనండి.

ముందు తుప్పు నీళ్లు వస్తాయి

ఇవన్నీ మూడు నాలుగు వారాలు చేశాక ఏమవుతుంది? సంతోషం వస్తుందనుకుంటారు. చాలామందికి ముందు వచ్చేది సంతోషం కాదు. చిరాకు వస్తుంది. చిన్న మాటకి కన్నీళ్లు వస్తాయి. ఇన్నాళ్లూ పట్టించుకోని సంగతి మీద ఒక్కసారిగా కోపం వస్తుంది. 'అయ్యో, ఇదివరకే నయం, ఇప్పుడింకా పాడైపోయాను' అనుకుని సరిగ్గా ఇక్కడే మానేస్తారు. మానకండి. బోరింగు ముందు ఎర్రనీళ్లే కక్కుతుంది. హ్యాండిల్ బరువెక్కిందని గుర్తుపట్టండి. ఆ చిరాకు, ఏడుపు రోజురోజుకీ పెరుగుతూ పోతే మాత్రం పైన చెప్పిన డాక్టరు మాట మర్చిపోవద్దు.

ఈ రోజుల్లో పెద్ద నిర్ణయాలు కూడా వద్దు. మనసు మొద్దుగా ఉన్నప్పుడు ఉద్యోగం, కాపురం, ఊరు అన్నీ రుచి లేనట్టే కనిపిస్తాయి. తప్పు నాలుకదా, కూరదా అన్నది అప్పుడే తేలదు. ఎవరైనా మీ మీద చెయ్యి చేసుకుంటున్న ఇల్లైతే ఈ మాట వర్తించదు, అక్కడి నుంచి ముందు బయటపడాలి. మిగతా నిర్ణయాలన్నీ రెండు నెలలు వాయిదా వేయండి.

రాజమండ్రి ఆవిడ ఆ మొదటి వారం తర్వాత పెద్దగా ఏమీ చేయలేదు. రోజూ లంచ్ అయ్యాక పావుగంట, కౌంటరు ఇవతలకి వచ్చి, ఫారాలు నింపుకోలేని వాళ్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. సాయంత్రం బట్టలు తీయడానికి కూతుర్ని పంపకుండా తనే మేడెక్కేది. రాత్రి ఒక మాట రాసేది. రెండో వారం మాటలన్నీ 'విసుగు', 'విసుగు', 'ఏమో'. మూడో వారంలో ఒకచోట 'అక్కసు' అని రాసి, కొట్టేసి, మళ్లీ అదే రాసింది. నాలుగో వారంలో రెండు రోజులు ఖాళీగా ఉన్నాయి. ఐదో వారం పేజీలో ఆదివారం మధ్యాహ్నం దగ్గర ఇలా ఉంది:

"అమ్మాయి ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టింది. గట్టిగా అరిచాను. అదీ అరిచింది. తర్వాత ఇద్దరం వంటింట్లో కింద కూర్చుని, పైన తడి తగిలిన ముక్కలన్నీ తీసి, వేడి వేడి అన్నంలో కలుపుకుని తినేశాం. నెయ్యి అయిపోయింది, తేవాలి."

ఆ పక్కన మార్కు లేదు.